రెండు హారన్ల మలుపు

ముందు హారను వినిపించేది. పాం, పాం. రెండే రెండు, పొట్టివి, నడుమ ఒక్క ఊపిరంత ఎడం. ఆ తర్వాతే ఆటో మలుపు తిరిగేది. పసుపు టాపు, ముందరి అద్దం మీద ఎర్రని అక్షరాలతో ఎబెనేజరు అన్న బైబిలు మాట, ఆ మాట కింద మా నాయన ముఖం.

నెల్లూరి నడిబొడ్డులో, పెద్దబజారు దాటి స్టోన్‌హౌస్‌పేటకు మళ్ళేచోట, మూతబడిన బియ్యం మిల్లు గోడ ఒకటి ఉంది. ఆ గోడను ఆనుకొని మా అమ్మ సాయంత్రం పూట కారం దోశెలు పోసేది. పెనం మీద ఎర్రకారం కాలిన వాసన లేచిందంటే, ఆ దారిన పోయే సైకిళ్ళు కూడా నెమ్మదించేవి. జనం ఆ మలుపును పుష్పమ్మ అంగడి అన్నారు. తర్వాత ఆటోవాళ్ళు అన్నారు. ఆ తర్వాత, అమ్మ చేతి దోశె ఎన్నడూ తినని వాళ్ళు కూడా అన్నారు. పేటల్లో పేర్లు అట్లాగే పుడతాయి. ఎవరూ పెట్టరు, అందరూ పిలుస్తారు.

మా నాయన పేరు సమాధానం. మద్రాసు బస్టాండుకూ నవాబుపేటకూ నడుమ షేరాటో తోలేవాడు. నడిమి ఊరంతా ఆయన నోట్లో ఉండేది. వీఆర్సీ, గాంధీబొమ్మ, కనకమహల్, చిన్నబజారు, పెద్దబజారు అని ఆయన వరసగా గొంతెత్తి పిలుస్తుంటే, ఒక్కొక్క పేటా లేచి నిలబడి హాజరు పలుకుతున్నట్టు తోచేది నాకు. చింతచెట్టు అని పిలిచేవాడు. ఆ చెట్టును నేను చూడనైనా లేదు. ఐసు ఫ్యాక్టరీ అని పిలిచేవాడు. అక్కడ ఇప్పుడు పెళ్ళిళ్ళ హాలు. లేనివాటికి కూడా ఆయన గొంతులో చోటుండేది.

ఒక్క పుష్పమ్మ అంగడిని మాత్రం ఆయన పిలిచేవాడు కాదు.

మా ఇళ్ళలో భర్త భార్యను పేరు పెట్టి పిలవడు. 'మే' అంటాడు, బిడ్డ పుట్టాక, నా పేరుతో మా నాయన పిలిచినట్టు, 'రెజీనా వాళ్ళమ్మా' అంటాడు. అంతమంది ఎదుట, అంత గొంతుతో, పెళ్ళాం పేరు కేకవేయడం మా నాయన వల్ల కాలేదు. అందుకని అక్కడికి రాగానే హారను రెండుసార్లు నొక్కేవాడు. దిగవలసినవాళ్ళు దిగేవాళ్ళు. అమ్మ పెనం మీది నుంచి తల ఎత్తకుండానే నవ్వుకొని, తిరుగు ట్రిప్పులో ఆయనకు దోశె పోయడానికి పిండి పక్కన పెట్టుకొనేది. పెళ్ళినాడు గుడిలో పాస్టరు అయ్యగారు ప్రమాణం చేయిస్తూ ఆమె పేరు నిండుగా చెప్పమన్నప్పుడు, ఆ ఒక్క మాట దగ్గరే నాయన గొంతు లోపలికి పోయిందట. "చెప్పక చెప్పక ఒక్కసారి చెప్పినాడు నా పేరు, అదీ మింగేసినాడు," అని దోశెలకు వచ్చినవాళ్ళందరికీ చెప్పి అమ్మ నవ్వేది.

రెండేళ్ళ కిందట, కార్తీకం వానల్లో, జ్వరం వచ్చి అమ్మ పోయింది. పెనం ఇంటికి వచ్చేసింది. పేరు మలుపులోనే ఉండిపోయింది. దానితోపాటు ఆ రెండు హారన్లూ ఉండిపోయాయి.

నేను చెప్పబోయేది మొన్నటి ఎండాకాలం సంగతి.

ఎండలు ముదరక ముందే నాయన గొంతు బొంగురుపోయింది. చల్లటి నీళ్ళు తాగి అనుకున్నాం, దుమ్ము వల్ల అనుకున్నాం. గొంతులోని తీగల మీద కాయలాంటిది పెరిగిందనీ, ఇన్నేళ్ళ అరుపులకు వచ్చిన ఫలమనీ డాక్టరు చెప్పాడు. కోసి తీసేశారు. అది చెడ్డ గడ్డ కాదని పరీక్షలో తేలినప్పుడు నేను ఆసుపత్రి మెట్ల మీదే కూర్చుండిపోయాను. అయితే కొన్ని వారాల దాకా ఒక్క మాట, చివరకు గుసగుస కూడా, పలకకూడదన్నాడు డాక్టరు. గొంతు మళ్ళీ మునుపటిలా వస్తుందా అని అడిగితే, చూద్దాం అన్నాడు.

ఆటో తోలడానికి కాళ్ళూ చేతులూ చాలు. షేరాటో తోలడానికి గొంతు కావాలి. పిలవని బండిలోకి ఎవరూ ఎక్కరు. నా డిగ్రీ పరీక్షలు అప్పుడే అయిపోయాయి. ఇంట్లో ఖాళీగా ఉన్నది నేనొక్కదాన్నే. కానీ నా గొంతు సంగతి పేటంతటికీ తెలుసు. సండేస్కూల్లో వాక్యం అప్పజెప్పమంటే టీచరు వంగి నా నోటి దగ్గర చెవి పెట్టేది. అలాంటి నేను, అమ్మ పాత చీరను ఎండకు ముసుగుగా చుట్టుకొని, నాయన పక్కన సగం సీటులో ఒదిగి కూర్చున్నాను.

మద్రాసు బస్టాండు ఆటోల వరసకు చెంగయ్య పెద్ద. మా నాయనకు బండి నేర్పినవాడు ఆయనే. మొదటి రోజున నేను నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరుస్తుంటే, జనం మా ముందు నుంచే నడిచి వెనక బండిలోకి ఎక్కుతున్నారు. చెంగయ్య బీడీ ఆర్పి, తువ్వాలు భుజం మీద వేసుకొని వచ్చాడు.

"ఏం పాపా, నవాబుపేట రహస్యమా? నా చెవిలో చెప్పు, ఎవురికీ చెప్పన్లే."

వరసంతా నవ్వింది. నాయన నవ్వలేదు. హ్యాండిలు మీద వేళ్ళతో మెల్లగా తట్టడం మొదలుపెట్టాడు. తట్టు, తట్టు, ఒక విరామం. తట్టు, తట్టు, ఒక విరామం. ఆదివారం గుడిలో పాట ఎత్తుకోవడానికి ముందు అమ్మ ఒళ్ళో వేసుకొనే తాళం అది. ఆ తాళం మీద కాలుపెట్టి నా గొంతు ఎట్లాగో గడప దాటింది. గాంధీబొమ్మ, బజారు, నవాబుపేట అన్నాను. గొడుగు పట్టుకున్న ఒక ముసలాయన ఆగి, చూసి, ఎక్కాడు.

"అదీ, ఒకడు పడినాడు," అన్నాడు చెంగయ్య. "మీ నాయన పుట్టంగానే ఈ గొంతుతో పుట్టినాడనుకుంటుండావా? మొదట్లో వాడూ పిల్లికూన మాదిరే అరిచినాడు."

రోజులు గడిచేకొద్దీ నాకు తెలిసివచ్చింది, పేర్లన్నీ ఒకేలా పిలవకూడదని. నాయన అరచేత్తో నేర్పాడు. అరచెయ్యి కత్తిలా కిందికి దించితే పొట్టిగా పిలవాలి. గాలిలో పక్కకు సాచితే సాగదీయాలి. గాంధీబొమ్మ దగ్గర అందరికీ తొందరే, కనుక ఆ పేరును తుంచి విసిరేయాలి. చిన్నబజారు దగ్గర ఆడవాళ్ళు స్టీలు సామాన్ల సంచులూ చంటిపిల్లలూ సర్దుకొని దిగాలి, కనుక ఆ పేరు వాళ్ళ కాళ్ళు నేలకు ఆనేదాకా సాగుతూ ఉండాలి. పెద్దబజారుకు పేరైనా అక్కర్లేదు. బెల్లం వాసన, ఇంగువ వాసన, గోనెసంచుల దుమ్ము ముందే వచ్చి పిలుస్తాయి. అయినా పిలవాలి, ఎందుకంటే అక్కడి తోపుడుబండ్లవాళ్ళు ఆ పిలుపు వింటేనే దారి ఇస్తారు. ఒకరి గోడ ఇంకొకరి గోడను ఆనుకొని నిలబడిన ఆ పాత ఇళ్ళ మధ్య మనిషి గొంతు బయటికి పోదు. తిరిగి తిరిగి మన దగ్గరికే వస్తుంది. మొదటిసారి నా గొంతు అట్లా నాకు ఎదురొచ్చినప్పుడు, ఎవరో తెలియని పిల్ల పిలిచిందనుకొని తల తిప్పి చూశాను.

పుష్పమ్మ అంగడి దగ్గరికి రాగానే నాయన ఎడమచెయ్యి నా మోకాలి మీద ఒక్క క్షణం ఆగేది. ఇది నాది, అన్నట్టు. పాం, పాం. నాకూ అదే మేలనిపించేది. ఆయనకు ఆమె భార్య, నాకు అమ్మ. ఊరంతా పలికే ఆ పేరు మా ఇద్దరి నోళ్ళలోనే ఎన్నడూ ఆడలేదు.

ఆ వేసవిలోనే మిల్లు స్థలంలో పిల్లల నర్సింగ్‌హోమ్ తెరిచారు. వెనక భాగమంతా పడగొట్టినా రోడ్డు వైపు గోడను ఉంచి, దానికి నీలం రంగు వేసి, పాలసీసా పట్టుకున్న బొద్దు పాపాయి బొమ్మ గీయించారు. అమ్మ పొయ్యి పొగ పట్టిన చోట నీలం మిగతా గోడ మీదకంటే ఒక చాయ ముదురుగా కనిపించేది. తెలిసినవాళ్ళకే కనిపించేది. గేటు పక్కన, ఇచ్చట హారను మోగించరాదు అని బోర్డు పెట్టారు. మా ఊళ్ళో అలాంటి బోర్డులను ఎవరూ చదవరు, మేమూ చదవలేదు.

ఒక మధ్యాహ్నం మేము ఆగి ఉండగా తెల్లకోటు వేసుకున్న నర్సు ఎండలోకి వచ్చింది. నాకంటే కాస్త పెద్దది. కోటుకు కుట్టిన బిళ్ళ మీద ప్రత్యూష అని ఉంది. మాట తీరునుబట్టి విడవలూరు వైపు పిల్ల. కోపంగా రాలేదు. నిద్ర చాలని కళ్ళతో వచ్చింది.

"అన్నా, ఏమీ అనుకోమాకండి. లోపల నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలుండారు, అరచెయ్యంత బిడ్డలు. హారను మోగినప్పుడల్లా ఉలిక్కిపడతా ఉండారు. అందరూ ఒకసారి కొట్టి పోతారు. మీ బండే పొద్దస్తమానం రెండు తూర్లు కొడతాది." ఆమె గోడ వైపు, మా వైపు మార్చి మార్చి చూసింది. "ఈడ ఏమన్నా ఉండాదా అన్నా?"

నాయన నా వైపు చూశాడు. మాట్లాడవలసినది నేను. ఆ నీలం గోడ మీద ముదురు చాయను చూస్తూ నేను, "ఏం లేదక్కా," అన్నాను.

నాయన గుండె మీద చెయ్యి పెట్టుకొని ఆమెకు తల వంచాడు. తర్వాతి ట్రిప్పులో మలుపు దగ్గర ఆయన బొటనవేలు హారను బొత్తాం మీదికి పోయింది. ఒకసారి తాకింది. మరొకసారి తాకింది. నొక్కలేదు. ఆ రోజు నుంచీ అంతే, తాకేవాడు, పోనిచ్చేవాడు.

మలుపు మూగబోయింది. అలవాటైనవాళ్ళు దాటాక గుర్తుచేసుకొని, ఆపు ఆపు అని కేకలేసి, గొణుక్కుంటూ వెనక్కి నడిచేవాళ్ళు. కొత్తవాళ్ళు ఎక్కేటప్పుడే, పిల్లలాసుపత్రికి పోతుందా అని అడిగేవాళ్ళు. వాళ్ళు అడిగారు కనుక మిగతా ఆటోవాళ్ళు పిలిచారు. మిగతావాళ్ళు పిలిచారు కనుక ఇంకొందరు అడిగారు. చూస్తుండగానే, నీళ్ళు పల్లానికి పారినంత సులువుగా, ఆ కొత్త పేరు వరసంతా పాకింది. అందులో ఎవరి తప్పూ లేదు. ఒళ్ళు కాలిపోతున్న బిడ్డను ఎత్తుకొని పరుగున వచ్చే తల్లికి దోశెల అంగడి పేరుతో ఏం పని?

చెంగయ్య మాత్రం ఊరుకోలేదు. ఒక సాయంత్రం నాయన టీ తాగడానికి దిగినప్పుడు నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఆ రోజు ఆయన మాటలో వేళాకోళం లేదు.

"మీ అమ్మ మలుపు పోతా ఉండాది పాపా. నేను పిలుస్తానే ఉండా, నాది ఒక్క బండి. కన్నబిడ్డ కూసోనుండే బండి పిలవకపోతే నా మాట ఎవురు ఇంటారు? బోర్డు మీద రాసిన పేరైతే చెరిపినా మళ్ళా రాయచ్చు. ఇది నోట్లో ఉండే పేరు. పిలవకపోతే అంతే."

ఆ రాత్రి వంటింట్లో, గోడకు ఆనించిన అమ్మ పెనం ముందు కూర్చొని, ఆ పేరును పలకాలని చూశాను. చిన్నబజారు అంటే వచ్చింది, ఐసు ఫ్యాక్టరీ అంటే వచ్చింది. ఇది రాలేదు. అమ్మను అమ్మా అని పిలిచినంత కాలం ఆమె పక్క గదిలో ఉన్నట్టే. పేరుతో పిలిస్తే ఆమె ఊరందరిలాగే నాకూ ఒక మలుపు అయిపోతుందేమో. అట్లా అనిపించి నోరు మూసుకున్నాను. తలుపు దగ్గర నాయన నిలబడి ఉండడం తర్వాత చూశాను. ఏమీ ఎరగనట్టు నీళ్ళు ముంచుకొని వెళ్ళిపోయాడు.

డాక్టరు పెట్టిన గడువు అయిపోయింది. గొంతులోకి దీపం వేసి చూసి, పుండు బాగా మానింది, మెల్లగా ఏదైనా ఒక మాట అనమన్నాడు. నాయన నోరు తెరిచాడు. పెదవులు కదిపి, గొంతు మీద చెయ్యి పెట్టుకొని, తల అడ్డంగా ఊపాడు. ఏమీ కాదు, అను, అని డాక్టరు బుజ్జగించాడు. నాయన చెప్పులు తొడుక్కున్నాడు. వచ్చేదారిలో నేను అడగలేదు. వస్తుందో రాదో తెలియని గొంతును తడిమి చూసుకోవడానికి ఆయన భయపడుతున్నాడనుకున్నాను. పిలవాలని నాకూ ఉంది, నాకూ భయమే. ఆ భయంతోనే మేమిద్దరం పక్కపక్కన కూర్చొని రోహిణీకార్తె ఎండల్లో ఊరు తిరిగాం.

అలాంటి ఎండలో, మిట్టమధ్యాహ్నం, రాఘవమ్మ మా బండి ఎక్కింది. మిల్లు వెనక సందులో ఒంటి గది అద్దెకు తీసుకొని ఉండే ముసలావిడ ఆమె. అమ్మ దగ్గర రోజూ ఒక్క దోశె, కారం తక్కువగా, వేయించుకొనేది. కళ్ళలో శుక్లాలు ముదిరినా ఆపరేషనుకు భయపడి వాయిదా వేసుకుంటూ వచ్చింది. నీడలు తెలుస్తాయి, ముఖాలు తెలియవు. వేసవి మొదట్లో సంగం ఊళ్ళో ఉన్న అక్క దగ్గరికి పోయి, అప్పుడే బస్సు దిగింది.

"ఎవురు పిలస్తా ఉండేది? సమాధానం బిడ్డా?" అని చేత్తో తడుముతూ ఎక్కి కూర్చుంది. "మీ నాయన గొంతేమయింది?" చెప్పాను. "పోన్లే, ప్రాణం బాగుండాది గదా," అని సంచి ఒళ్ళో పెట్టుకొని, కళ్ళు మూసుకొని, చెవులు తెరుచుకొని కూర్చుంది.

బండి నిండింది. వెనక ఒక జంట, వాళ్ళ చేతుల్లో గుడ్డలో చుట్టిన పసిబిడ్డ. బిడ్డ ఏడుపు సన్నగా, ఆగి ఆగి వస్తోంది. పెద్దబజారు దగ్గర్నుంచే ఆ తల్లి, ఆసుపత్రి వచ్చిందా, వచ్చిందా అని అడుగుతోంది. మలుపు రాగానే నా నోటి నుంచి, ఏ ఆటంకమూ లేకుండా, "పిల్లలాసుపత్రి" అని వచ్చేసింది. తల్లీ తండ్రీ దిగి పరుగెత్తారు. వాళ్ళు గేటు దాటేదాకా నేను అటే చూస్తున్నాను. బండి కదిలింది.

నవాబుపేటలో అందరూ దిగిపోయారు. బండి తుడుద్దామని వెనక్కి తిరిగితే, మూల సీట్లో రాఘవమ్మ అట్లాగే కూర్చొని ఉంది.

"పుష్పమ్మ అంగడి ఇంకా రాలేదా అమ్మే?"

"దాటిపోయిందవ్వా."

"దాటిపోయిందా." ఆమె విసుక్కోలేదు. కొంగుతో మెడ తుడుచుకుంది. "హారను ఇనపళ్ళేదే. నువ్వూ అన్లేదే."

నేను చేతిలోని గుడ్డతో సీటు అంచు తుడవసాగాను.

"అంగడి తీసేసినారా?"

"అంగడి ఎప్పుడో లేదు గదవ్వా."

"అది నాకు తెల్సులే. పేరు తీసేసినారా అని అడుగుతుండా."

నాయన వీపు మాకు పెట్టి ముందు సీట్లో కూర్చొని ఉన్నాడు. చొక్కా తడిసి వీపుకు అంటుకొని ఉంది. తువ్వాలుతో ముఖం తుడుచుకొని, బండి స్టార్టు చేసి, వెనక్కి తిప్పాడు.

స్టోన్‌హౌస్‌పేటలో ఇద్దరు ఎక్కారు. పాత చర్చి దగ్గర కూరగాయల గంపతో ఇంకొకాయన ఎక్కాడు. నేను ఎవరినీ పిలవలేదు; వాళ్ళే చెయ్యెత్తి ఆపారు. రోడ్డు ఎండకు తెల్లగా మెరుస్తోంది. ఎదురుగా నీలం గోడ కనిపించింది, గోడ మీద బొద్దు పాపాయి కనిపించింది. నాయన ఎడమచెయ్యి నా మోకాలి మీదికి వచ్చి ఆగింది. చాలా రోజులకు.

మలుపు మధ్యలో ఆయన బండి ఆపాడు. ఆపి, తాళంచెవి తిప్పి ఇంజను కూడా ఆపేశాడు.

"ఏందన్నా, చెడిపోయినాదా?" అని గంపాయన అడిగాడు. వెనకాలే వస్తున్న చెంగయ్య బండి మా వెనక ఆగింది. ఆయన చెయ్యి హారను మీదికి పోయి, బోర్డును చూసి కాదు, మా నాయనను చూసి, వెనక్కి వచ్చింది. నర్సింగ్‌హోమ్ మెట్ల మీద ప్రత్యూష టీగ్లాసు పట్టుకొని నిలబడి ఉంది. ఇన్నేళ్ళూ ఆ దారిలో తిరిగాను కానీ, ఇంజను ఆగితే ఆ మలుపు అంత నిశ్శబ్దంగా ఉంటుందని నాకు తెలియదు. లోపల ఎక్కడో ఒక పసిబిడ్డ ఊపిరి తీసుకొని ఏడుస్తోంది. ఇందాక మా బండిలో వచ్చిన బిడ్డే కావచ్చు. రాఘవమ్మ తల ఎత్తి, చెవి ముందుకు పెట్టింది.

నాయన రెండు చేతులూ హ్యాండిలు మీది నుంచి తీసి, గుడిలో కూర్చున్నప్పుడు పెట్టుకున్నట్టు, ఒళ్ళో పెట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. మొదట గాలే వచ్చింది. మళ్ళీ సవరించుకున్నాడు.

వచ్చినది ఆయన పాత గొంతు కాదు. బజారునంతా లేపే ఆ గొంతు మళ్ళీ రాలేదు. ఇది కోరాగుడ్డ చింపినట్టు జీరగా ఉంది, నా గొంతుకంటే చిన్నగా ఉంది. అయినా ఈసారి ఆయన మింగలేదు. అమ్మ బాప్తిస్మపు పేరు, నిండుగా, అక్షరం తరువాత అక్షరం, ఆ నీలం గోడకు తగిలి నా దగ్గరికి తిరిగి వచ్చింది.

"పుష్పకుమారీ."